ఆకాశవీథిని మాటల సాంకర్యము



శబ్దము ఆకాశమునకు గుణమని మన తార్కికులు చెప్పిరి. తర్కసంగ్రహమును వల్లించిన దినములలో మేమా మాటను పండితుల చర్చకు పనికివచ్చునదిగా మాత్రమే తలచితిమి. చెవికి వినబడు శబ్దమునకు గాలి యాధారమనియు, రేడియో తరంగములకు గాలియు నక్కఱలేదనియు నేడు పాఠశాలకు బోవు పిల్లలుగూడ నెఱుగుదురు. అయినను, దూరదేశమునందున్న కుమార్తె క్షేమసమాచారము, బిడ్డల పాఠములు, వైద్యుని సలహాలు, నావికుని పిలుపు నిజముగనే ఆకాశము మీదుగా రాకపోకలు సేయుకాలము వచ్చినది. ఆ దారిలో రద్దీ పెరిగినది. రద్దీతోబాటు ఒకరి మాట యింకొకరి మాటతో గలిసి చెడిపోవు ప్రమాదమును బెరిగినది.

ఇది యింజనీర్లకును బ్రభుత్వములకును సంబంధించిన విషయమే గాని యిల్లాండ్ర కేల యని కొంద ఱనవచ్చును. తుపాను వీచు రాత్రి ఫోను మూగవోయిన యింటిలో దీపము ముందు గూర్చుండి, సముద్రముమీదికి బోయిన భర్తకొఱకో, పట్టణమున జదువుకొను బిడ్డకొఱకో తెల్లవార్లు నెదురుచూచు వా రెవరో యోచించినచో, ఆ ప్రశ్నకు బదులు దొరకును. కావున తక్కువ యెత్తున దిరుగు ఉపగ్రహములను గూర్చియు, వాని మాటలలో గలుగు సాంకర్యమును గూర్చియు మాకు దెలిసినంత సోదరీమణులకు విన్నవింప నెంచితిమి.

ధ్రువుడును నారదుడును

ఉపగ్రహములలో రెండు తెగలవారు గలరని తలపుడు. ఒకరు ధ్రువునివంటివారు, రెండవవారు నారదునివంటివారు.

భూమధ్యరేఖకు సరిగా పైన 35,786 కిలోమీటర్ల యెత్తున నొక యుపగ్రహమును నిలిపినచో, అది భూమి తన చుట్టు తాను దిరుగునంత కాలముననే భూమిని జుట్టివచ్చును. కావున మనకది కదలక నిలిచినట్లే కన్పట్టును. ఇట్టి యుపగ్రహములు మూడున్నచో లోకమంతటికిని వార్తల నందింపవచ్చునని ఆర్థర్ సి. క్లార్క్ అను ఆంగ్లేయ రచయిత 1945 లో నొక వ్యాసమున వివరించెను. మన పల్లెలకును ఈ ధ్రువులతో పరిచయము క్రొత్తది కాదు. 1975 ఆగస్టు మొదలు 1976 జులై వఱకు అమెరికావారి ఏటీఎస్-6 అను నుపగ్రహము మూలముగ ఆఱు రాష్ట్రములందలి 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు ప్రసారమయ్యెను. వానిలో ఆంధ్రప్రదేశమందలి గ్రామములును గలవు. నేడు మన యిండ్లమీద నుండు డిష్షులన్నియు నిట్టి ధ్రువులవైపే చూచుచుండును. ధ్రువుడు కదలడు గనుక డిష్షు నొకసారి బిగించిన జాలును.

ఐతే ధ్రువుడు మిక్కిలి దూరమున నున్నాడు. వెలుగుగాని రేడియో తరంగముగాని సెకనునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. అయినను మన మాట పైకి బోయి క్రిందికి దిగుటకు దాదాపు పావుసెకను, అవతలివారి బదులు మరల నట్లే వచ్చుటకు నింకొక పావుసెకను పట్టును. టెలివిజను చూచువారి కీ యాలస్యముతో బనిలేదు. ముఖాముఖిగ మాటలాడుకొనువారికి మాత్ర మిది యడ్డము వచ్చును. ఒకరి మాట ముగియలేదనుకొని రెండవవా రాగుదురు, ఇద్దరు నొక్కసారి మొదలుపెట్టుదురు, మరల నిద్దరు నాగుదురు.

ఇక నారదుని తెగ. వీరు భూమికి 500 మొదలు 1,200 కిలోమీటర్ల యెత్తునందే తిరుగుదురు. స్టార్‌లింక్ అను సంస్థవారి యుపగ్రహములు చాలవఱకు 550 కిలోమీటర్ల ప్రాంతమునను, వన్‌వెబ్ వారివి 1,200 కిలోమీటర్ల యెత్తునను గలవు. 550 కిలోమీటర్ల నుండి ప్రశ్నయు బదులును రాకపోకలు చేయుటకు దారిలో బట్టు కాలము సెకనులో నూఱవవంతు గూడ లేదు. ఎదురెదురుగ గూర్చుండి మాటలాడినట్లే యుండును.

కాని నారదుడు నిలకడగ నుండువాడు కాడు. ఆ యెత్తున నిలువవలెనన్న నుపగ్రహము సెకనునకు 7.6 కిలోమీటర్ల వేగమున బరువెత్తవలయును. సుమారు 95 నిమిషములలో భూమి నొకమారు చుట్టివచ్చును. ఒక్క యింటికి నొక్క యుపగ్రహము చక్కగ నందుబాటులో నుండునది నాలుగైదు నిమిషములే. కావున నొకటి దాటిపోవునంతలో మఱియొకటి వచ్చి మాట నందుకొనవలయును. కొఱవిని గిరగిర ద్రిప్పినచో నిప్పుచక్రమొకటి నిలిచినట్లు దోచును గదా! ఈ సంబంధమును అట్టిదే. మాట తెగలేదని మనకు దోచుచుండగనే పైన దూతలు మాఱిపోవుచుందురు. స్టార్‌లింక్ వారు ప్రతి 15 సెకనులకొకసారి యే యింటికి నే యుపగ్రహమను నేర్పాటును సరిచూచుకొందురని పరిశోధకులు గనుగొనిరి.

ఇందుచేతనే యీ పద్ధతికి వందలును వేలును ఉపగ్రహములు గావలసివచ్చినవి. 1998 లోనే ఇరిడియం అను సంస్థ 780 కిలోమీటర్ల యెత్తున 66 ఉపగ్రహములతో ఫోను మాటలకు మార్గ మేర్పఱచెను. ధర యధికమై కొనువారు చాలక మఱుసటి సంవత్సరమే ఆ సంస్థ దివాలా తీసినను, ఉపగ్రహములు మాత్రము నిలిచి పనిచేసినవి. 2019 మే నెలలో స్టార్‌లింక్ వారు మొదటి 60 ఉపగ్రహముల గుంపును బంపిరి. 2025 నాటికి వారివి 7,000 లకు మించినవి. ఈ కథలో మన తెలుగునేలకును బాలు గలదు. పులికాటు సరస్సు చెంతనున్న శ్రీహరికోట నుండి మన యంతరిక్షశాఖవారు వన్‌వెబ్ ఉపగ్రహములను 36 చొప్పున రెండుమార్లు పంపిరి. మొదటిది 2022 అక్టోబరు 23 న, దీపావళి రాబోవు దినములలో నర్ధరాత్రివేళ. రెండవది 2023 మార్చి 26 న.

సాంకర్య మన నేమి?

పెండ్లిపందిరిలో పదిమంది పది మాట లాడుచుండగ మన పేరు పిలిచినవారి గొంతును మనమెట్లు గుర్తింతుము? గొంతులోని భేదముచేత గొంత, వచ్చిన దిక్కుచేత గొంత. గొంతు నొక్కటియై, దిక్కు నొక్కటియైనచో నెట్టి చెవికైనను వేఱుచేయుట సాధ్యము గాదు. రేడియో తరంగములకు గొంతనగా వాని యావృత్తి, అనగా సెకనునకు నెన్నిసారులు కంపించునను లెక్క. డిష్షనగా చెవి వెనుక దోసిలిపట్టుటవంటిది. ఒక్క దిక్కుమాటను బెంచి తక్కినవానిని దగ్గించును. ఒకే యావృత్తిగల రెండు తరంగములు ఒకే దిక్కునుండి వచ్చి కలిసిపోవుటనే శాస్త్రజ్ఞులు వ్యతికరణమందురు. మేము సాంకర్యమనుచున్నాము.

చిక్కెక్కడ వచ్చినదనగా, నారదులకును ధ్రువులకును వాడుకొను నావృత్తులు చాలవఱ కొక్కటే. మన యింటి టెలివిజను డిష్షులు పట్టుకొను కేయూ శ్రేణినే స్టార్‌లింక్, వన్‌వెబ్ సంస్థలును వాడుకొనుచున్నవి. ఆకాశము విశాలమైనను వానను గాలిని దాటివచ్చుటకు దగిన యావృత్తులు మితముగనే యున్నవి. కావున నొక్క నేలనే యిద్దరు సాగుచేసుకొనవలసివచ్చినది.

ఇందు దూరపువానికే నష్టమెక్కువ. దీపము రెండింతల దూరము జరిగినచో వెలుగు నాలుగవవంతగును. 35,786 కిలోమీటర్లు 550 కిలోమీటర్లకు సుమారు 65 రెట్లు. కావున నిద్దరు నొక్క బలముతోనే పలికినచో దగ్గఱివాని మాట నాలుగువేల రెట్లకు పైగ గట్టిగ వినబడును. డిష్షుకును ధ్రువునకును నడుమ నొక నారదుడు అదే గొంతుతో బలుకుచు వచ్చెనా, ఆ క్షణమున ధ్రువుని మాట మునిగిపోవలసినదే.

ఈ విషయమున మన ప్రాంతమునకు బ్రత్యేకత గలదు. ధ్రువుల వరుస భూమధ్యరేఖపై నున్నది. లండనువంటి యుత్తరపు నగరములనుండి చూచువారి కది దక్షిణపు దిక్కున బల్లముగ గన్పట్టును. కావున వారి నడినెత్తిన దిరుగు నారదుల కడ్డము రాదు. మన తెలుగుదేశము భూమధ్యరేఖకు దగ్గఱగ నున్నందున ఆ వరుస మనకు నడినెత్తికి గొంచెమే దక్షిణముగ వంగియుండును. దక్షిణమునకు బోయినకొలది నది సరిగ నెత్తిమీదికి వచ్చును. ఉపగ్రహమున కన్నిటికంటె దగ్గఱిదారి నెత్తిమీదిదే గనుక, ఇద్దరును గోరుకొను చోటొక్కటియే యగుచున్నది. కనుకనే యీ సాంకర్యపు భయము శీతలదేశములకంటె నుష్ణదేశములకెక్కువ.

దీనికి నియమము లేకపోలేదు. తంతివార్తలకొఱకు 1865 లో బారిసునగరమున బుట్టిన యంతర్జాతీయ సంఘమే నేడు జెనీవాలో నుండి రేడియో తరంగములకును బెద్దఱికము వహించుచున్నది. తక్కువ యెత్తున దిరుగువారు నిలిచియున్నవారికి హద్దుమీఱిన సాంకర్యము గలిగింపరాదనునది ఆ సంఘపు శాసనము. వారి తరంగబల మెంతకు మించరాదో 2000 లో ఇస్తాంబులు నగరమున జరిగిన మహాసభలో నిర్ణయమయ్యెను. ఈ నియమమును బాటించుటకు సంస్థలు రెండుమూడు నుపాయములు పన్నినవి. ధ్రువుని వరుసకు సమీపమున నున్న యుపగ్రహము ఆ యింటితో బలుకక మౌనము వహించును. ప్రక్కదారినున్న మఱియొకటి యా పని చేయును. వన్‌వెబ్ ఉపగ్రహములైతే భూమధ్యరేఖను సమీపించినకొలది మెల్లగ దమ దేహమునే వంచి, కిరణములను బ్రక్కకు దిప్పుకొనును. పెద్దలు మాటలాడుచున్న గదిని దాటునపుడు కోడలు గొంతు దగ్గించి తప్పుకొనిపోవుట వంటి దిది.

2000 నాటి నియమము నేటి యంత్రములకు బిగుతైనదని నారదపక్షమువారును, సడలించినచో దమ ప్రసారములు చెడునని ధ్రువపక్షమువారును వాదించుచున్నారు. 2023 లో దుబాయి మహాసభలో నీ తగవు వచ్చినపుడు పరిమితులు మాఱలేదు.

ముగ్గులో రంగులు

ఇతరులతోనే గాదు, తమలో దమకును సాంకర్యము గలుగవచ్చును. ఒక యుపగ్రహము భూమిపై నొక్క పెద్ద వెలుగును గాక యనేకములగు చిన్న వలయములను బఱచును. ప్రక్కప్రక్క వలయముల కొకే యావృత్తి నిచ్చినచో నంచుల వద్ద రెండు మాటలును గలిసిపోవును. దీనికి మన ముగ్గులోని నేర్పే విరుగుడు. పెద్దముగ్గునకు రంగు లద్దునపుడు ప్రక్కప్రక్క గళ్లకు నొకటే రంగు వేయక, నాలుగు రంగులతోనే వాకిలంతయు నింపుదుము గదా! అట్లే కొద్ది యావృత్తులను దూరదూరపు వలయములలో మరల మరల వాడుకొందురు. మన ముగ్గు నిలిచియుండును, వారి ముగ్గు పరువెత్తుచుండును. అదియే భేదము.

ఉపగ్రహము మనవైపు దూసుకొనివచ్చునపుడు తరంగము కొంత హెచ్చుగను, దాటిపోవునపుడు కొంత తగ్గుగను నందును. రైలుబండి కూత మనలను దాటగనే బొంగురువోవుట విన్నవారి కిది తెలియును. ఈ మార్పును గణించి స్వీకరించు యంత్రము అర్జునుని మత్స్యయంత్రము నెదుర్కొన్నట్లే, కదలుచున్న గుఱిని క్షణక్షణము గొట్టుచుండును.

మనుష్యుల తప్పులేని సాంకర్యములును గలవు. మార్చి, అక్టోబరు నెలలలో గొన్ని దినములు సూర్యుడు ధ్రువోపగ్రహమునకు సరిగ వెనుకకు వచ్చును. సూర్యుడును రేడియో తరంగములను వెదజల్లువాడే గనుక ఆ కొన్ని నిమిషములు మన టెలివిజను చిత్రము చెదరిపోవును. తీగె త్రెగినదని మేడ యెక్కనక్కఱలేదు, కొంతసేపటికి నదియే సర్దుకొనును. కుండపోత వాన గురియునపుడు చినుకులు తరంగమును మ్రింగివేయును. ఈ బాధ ధ్రువులకును నారదులకును సమానమే.

తెగిన త్రోవలు

సంబంధము నిలుచుటకు ఆకాశమున నుపగ్రహ మొక్కటియే చాలదు. అది మన మాటను భూమిమీది మఱియొక కేంద్రమునకు దింపవలయును. అచ్చటినుండి యది ప్రపంచపు తీగెలలో జేరును. వన్‌వెబ్ వారి మొదటి తరపు టుపగ్రహములు తమలో దాము మాటలాడుకొనజాలవు. కావున నే సమయమున నైనను భూకేంద్రమొకటి వాని చూపులో నుండవలయును. ఇరిడియం వారివి మొదటినుండియు నొకదానికొకటి మాటనందించుకొనును. స్టార్‌లింక్ వారి క్రొత్తవి లేజరు కిరణములతో నా పని చేయును. నడిసముద్రమునకును మాట చేరవలెనన్న నిదియే మార్గము.

2022 జనవరి 15 న టోంగా ద్వీపములవద్ద సముద్రగర్భమున నగ్నిపర్వతము బ్రద్దలై, ఆ దేశమును లోకముతో గలుపు నొకేయొక తీగెను ద్రెంచివైచెను. దానిని బాగుచేయుటకు నైదువారములు పట్టెను. ఆ కాలమున నుపగ్రహములే వారికి గతియైనవి. స్టార్‌లింక్ వారును ఫిజీలో భూకేంద్రము నిలిపి, ద్వీపవాసులకు యంత్రముల నొసగిరి.

ఇట్టి కథలు మనకు దూరమైనవి కావు. 1977 నవంబరు 19 న దివిసీమను ముంచిన యుప్పెనలో వేలకొలది జనులు మడిసిరి. తంతియు ఫోనును రోడ్డును ద్రెగిపోవుటచే సాయము చేరుటయే యాలస్యమయ్యెను. 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును దాకినపుడు చేతనున్న సెల్‌ఫోనులును మూగవోయినవి. స్తంభములు కూలినను, తీగెలు తెగినను ఆకాశపు దారి మిగిలియుండును. ఆ దారిని మాటల సాంకర్యముచే జెడనీయకుండుట మనకేల ముఖ్యమో యింతకంటె వేఱుగ జెప్పనక్కఱలేదు.

వినువారి కష్టము

ఆకాశమున బలుకువారే గాక వినువారును గలరు. పూనా నగరమునకు నుత్తరముగ ఖోడద్ గ్రామమువద్ద 45 మీటర్ల వెడల్పుగల 30 డిష్షులతో మన శాస్త్రజ్ఞులు నక్షత్రమండలముల సన్నని రేడియో ధ్వనులను వినుచున్నారు. హాలెండు దేశమున నిట్టిదే లోఫార్ అను సాధనము గలదు. దానితో 68 స్టార్‌లింక్ ఉపగ్రహములను బరిశీలింపగా 47 టి లోపలి విద్యుద్యంత్రములనుండి సన్నని తరంగములు కారుచున్నట్లు 2023 లో బ్రకటించిరి. ఇవి యుపగ్రహములు కోరి పంపునవి కావు. పాత మిక్సీ తిరుగునపుడు రేడియోలో గరగర వినబడుట వంటివి. మఱుసటి యేటి పరిశీలనలో రెండవ తరపు టుపగ్రహముల గరగర మొదటివానికంటె 32 రెట్లవఱకు నెక్కువగ నుండెనని తేలినది. కోరి పంపు తరంగములకు శాసనమున్నది గాని, యిట్లు కారు తరంగములకు దగినంత కట్టడి లేదు.

ఉమ్మడి దొడ్డి

ఆకాశము సర్వులకు నుమ్మడి దొడ్డివంటిది. జెనీవా సంఘమున ముందుగ దరఖాస్తు పెట్టిన వారికే యగ్రస్థానము. తరువాత వచ్చినవారు ముందువారితో సర్దుకొనవలయును. పంక్తిలో ముందు గూర్చున్నవారికి ముందు వడ్డించుట న్యాయమే గాని, ఆకు లన్నియు బఱచి రాని బంధువులకొఱకు దాచియుంచుట న్యాయము గాదు. అందులకై 2019 మహాసభలో నొక కట్టుబాటు చేసిరి. మొదటి యేడేండ్ల గడువు ముగిసిన పిమ్మట రెండేండ్లలో నూటికి 10, ఐదేండ్లలో సగము, ఏడేండ్లలో నన్ని యుపగ్రహములను నిలుపవలయును. కానిచో హక్కు తగ్గిపోవును. మన దేశమున 2023 నాటి టెలికమ్యూనికేషను చట్టము ప్రకారము ఉపగ్రహపు టావృత్తులను వేలము వేయక ప్రభుత్వమే కేటాయించును. 2025 జూన్‌లో స్టార్‌లింక్ సంస్థకు మన ప్రభుత్వము లైసెన్సు నొసగెను.

ఇట్టి సాధనము మన యూరికి వచ్చునపుడు సోదరీమణులు గమనింపవలసినవి నాలుగు గలవు. మొదటిది, దీనికి దెఱపిగల యాకాశము గావలయును. కొబ్బరిమట్టగాని మామిడికొమ్మగాని యడ్డువచ్చినచో ఉపగ్రహము మాఱిన ప్రతిమాఱు మాట తెగుచుండును. రెండవది, ఆకాశపుదారి తెగకున్నను ఇంటిలో కరెంటు లేనిచో యంత్రము పలుకదు. తుపాను దినములకై బ్యాటరీనో సౌరఫలకమునో సిద్ధపఱచుకొనవలయును. మూడవది, ఒక వలయమునకు వచ్చు నీరు తూములోని నీటివంటిది. వాడువారు పెరిగినకొలది నొక్కొక్కరి వంతు తగ్గును. పట్టణమున దీగె దొరకువారికంటె నది లేని కొండపల్లెలకును లంకగ్రామములకును దీని యక్కఱ యెక్కువ. నాలుగవది, ప్రతి యిల్లును గొనజాలదు గాని, పాఠశాలకును ఆరోగ్యకేంద్రమునకును తుపాను రక్షణగృహమునకును నొక్కొక్కటి యుండవలెనని పంచాయతీలో నడుగుట మన పొదుపు సంఘములకు సాధ్యమే.

మాటను గలుపు దారి బంగారముకంటె విలువైనది. దానిని గొందఱే యాక్రమింపకుండను, ఒకరి కేక యింకొకరి మొఱను మ్రింగకుండను జూచుకొనుట పెద్ద దేశముల పని యని యూరకుండరాదు. కట్టుబాట్లను దెలిసికొని యడుగువా రున్నచోటనే యవి నిలుచును. మన యాడుబిడ్డలకు భూగోళపాఠముతోబాటు ఈ ఖగోళపు దారులనుగూడ జెప్పించుడని కోరుచున్నాము.